ముప్పై గడప మీద

మిరప కోతల రోజుల్లో బొల్లాపల్లి మండలంలో ఇంకా తెల్లారకముందే ఆటోలు కూలీలతో నిండిపోతాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో అన్నం క్యారేజీతో ఎక్కేవాళ్ళలో అత్తలూ ఉంటారు, కోడళ్ళూ ఉంటారు. ఆ చీకట్లో ఎవరు అత్తో ఎవరు కోడలో పోల్చుకోవడం కష్టం. తెల్లారాక కూడా ఒక్కోసారి కష్టమే!

అలాంటి ఆటోలో ఓ మూల కూర్చున్న ఇరవై తొమ్మిదేళ్ళ ఇల్లాలిని ఊహించుకోండి. పేరు ఏదైనా కావచ్చు. ఊరు బొల్లాపల్లి కావచ్చు, చుట్టుపక్కల ఏ సుగాలి తండా అయినా కావచ్చు. పదో తరగతిలో ఓ సబ్జెక్టు పోయింది. ‘మళ్ళీ రాద్దువులే’ అన్నారు ఇంట్లో. ఈలోగా సంబంధం వచ్చింది. పద్దెనిమిది నిండీ నిండకుండానే పెళ్ళి. ఇరవైకి పెద్దది, ఇరవై రెండుకి చిన్నోడు. ఆ వెంటనే పిల్లల ఆపరేషన్. ఇప్పుడు పెద్దది నాలుగో తరగతి చదువుతోంది. వచ్చే ఏడు తల్లికి ముప్పై. ‘ఇంకేముంది, అంతా అయిపోయింది. ఇక పిల్లల బతుకే మన బతుకు’ అంటుంది అడిగితే.

అదే వయసు అమ్మాయి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఆమె డైరీలో జాబితా వేరేగా ఉంటుంది. ముప్పైలోపు ప్రమోషన్, సొంత ఫ్లాటు, ఓ విదేశీ ప్రయాణం, మంచి సంబంధం. అందులో ఒక్కటి మిగిలిపోయినా దిగులే. ఈమెకు ఇంకా ఏదీ కాలేదన్న కంగారు. ఆమెకు అన్నీ ముందే అయిపోయాయన్న నిరాశ. జాబితాలు వేరైనా ఇద్దరి భయం ఒకటే. ముప్పై వచ్చేసరికి ఎవరో తలుపు గడియ పెట్టేస్తారని!

నిజంగా ఆ గడియ పడుతుందా?

ఎవరు రాసిన జాబితా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ వయసున్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురికి. అదే సర్వేలో, పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళలోపున్న స్త్రీలలో దాదాపు డెబ్భై శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. ఆడవాళ్ళలోనూ చాలామందికి ఆ ఆపరేషన్ ఇరవైలు దాటకముందే అయిపోతుంది.

ఈ అంకెల వెనకున్న సంగతి ఒక్కటే. చదువు ఆపడం, పెళ్ళి, కాన్పులు, ఆపరేషన్... ఆడపిల్ల ఇరవైలలో వచ్చే పెద్ద మైలురాళ్ళన్నీ వేరేవాళ్ళు పాతినవే. ఏ రాయి ఎక్కడ పాతాలో ఆమెను అడిగినవాళ్ళు తక్కువ. అలాగని తల్లిదండ్రుల్ని తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. వానమీద ఆధారపడిన మెట్టసేద్యంలో పంట చేతికొచ్చిన ఏడాదే పెళ్ళి చేయగలిగేది. మరుసటి ఏడు మిరపకు తెగులు తగిలితే? పత్తి ధర పడిపోతే? పైచదువుకు వినుకొండో నరసరావుపేటో వెళ్ళాలంటే బస్సు దొరకాలి. పొద్దుగూకాక పిల్ల ఇంటికి చేరేదాకా తల్లికి గుండె దడ. ఇన్ని లెక్కల మధ్య ‘ఓ అయ్య చేతిలో పెట్టేస్తే బాధ్యత తీరిపోతుంది’ అనుకుంటారు.

బాధ్యత తీరుతుందేమో గానీ ఆ పిల్ల జీవితం అక్కడితో తీరిపోదు కదా! డెబ్భై ఏళ్ళు బతికే మనిషికి ముప్పై నాటికి ఇంకా నలభై ఏళ్ళు మిగిలే ఉంటాయి. కాపురానికొచ్చి పన్నెండేళ్ళయితే, ముందున్నది అంతకు మూడింతలకు పైనే. ఆ నలభై ఏళ్ళకూ కలిపి ‘అంతా అయిపోయింది’ అనే ఒక్క మాట ఎలా సరిపోతుంది?

మొక్కై వంగనిది...

మళ్ళీ పుస్తకం పడతానన్న ఇల్లాలికి మొదట ఎదురయ్యేది సామెత. ‘మొక్కై వంగనిది మానై వంగునా?’ పెద్దవాళ్ళు అంటారు, మొగుడు నవ్వుతాడు. తనకు తాను కూడా అనుకుంటుంది. ఆ సామెతను తన జీవితంతోనే తప్పని తేల్చిన తెలుగు మహిళ ఒకరున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్!

ఆమెను రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. కానీ ముప్పయ్యో పుట్టినరోజు నాటికి ఆమె ఎక్కడున్నారో లెక్క వేసుకుంటే ఆశ్చర్యమేస్తుంది.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. అప్పటికి బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం ఇంకా రాలేదు. అది 1929 నాటిది. పన్నెండేళ్ళ వయసులో బడి మానేసి, తనకొచ్చిన హిందీని ఊళ్ళో ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ నేర్పడానికి పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డారు. టికెట్టు లేకుండా వచ్చిన పెద్దమనిషిని లోపలికి పంపనన్నారు. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే దారి ఇచ్చారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు!

ఆ మరుసటి సంవత్సరాల్లోనే ఇంతకంటే పెద్ద గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్ళిని ఒప్పుకుని కాపురానికి వెళ్ళాలా, వద్దా? వద్దనే నిర్ణయించుకున్నారు. అందులో పగ లేదు. భర్తను మరొకర్ని పెళ్ళి చేసుకోమన్నారు. ఏళ్ళు గడిచి ఆయన కన్నుమూశాక, దిక్కులేకుండా మిగిలిన ఆయన రెండో భార్యను చేరదీసి, పని నేర్పించి నిలబెట్టింది కూడా దుర్గాబాయే.

ఇరవై ఒకటో ఏట ఉప్పు సత్యాగ్రహం. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఒంటరి నిర్బంధం. అక్కడే ఆమె జీవితం మలుపు తిరిగింది. తమ మీద ఉన్న కేసేమిటో, పడిన శిక్ష ఎందుకో కూడా తెలియని నిరక్షరాస్యులైన ఆడఖైదీలను చూశారు. వీళ్ళ తరఫున మాట్లాడాలంటే చట్టం తెలియాలి. చట్టం తెలియాలంటే ముందు మెట్రిక్ పాసవాలి!

అప్పటికి వయసు ఇరవై నాలుగు. అంత వయసొచ్చాక ఇంగ్లీషు నేర్చుకుని, బెనారస్ విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చున్నారు. మెట్రిక్, ఆ తర్వాత ఇంటర్. ఆ మధ్యలోనే, 1937లో, తోటి ఆడపిల్లలను అదే మెట్రిక్ పరీక్షకు తయారుచేస్తూ మద్రాసులో మొదలుపెట్టిన పని ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ పూర్తిచేసింది 1939లో.

1939 జులైలో ఆమెకు ముప్పై నిండాయి. చేతిలో ఉన్నది అప్పుడే అందుకున్న డిగ్రీ. లా పట్టా 1942లో వచ్చింది. రాజ్యాంగ సభలో అడుగుపెట్టింది 1946లో. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది 1953లో, నలభై నాలుగేళ్ళప్పుడు. చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్ళాడిందీ ఆ ఏడాదే. అంటే జనం ఆమెను తలుచుకునే పనుల్లో ఎక్కువ భాగం ముప్పై దాటాక చేసినవే. మరి ఇరవైలు వృథా అయ్యాయా? లేదు. ఆగిపోయిన చదువును మళ్ళీ అందుకోవడానికి ఖర్చయ్యాయి. వెనక్కి వెళ్ళి మొదలుపెట్టడానికి సిగ్గుపడకపోవడమే ఆ పదేళ్ళలో ఆమె నేర్చుకున్న అసలు పాఠం.

ఆ పాఠాన్ని తన దగ్గరే ఉంచుకోలేదు. ఆమె నడిపిన సాంఘిక సంక్షేమ మండలి 1958లో, మధ్యలో చదువు ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీల కోసం సంక్షిప్త విద్యాకోర్సులు ప్రవేశపెట్టింది. ఏళ్ళ తరబడి సాగే చదువును రెండేళ్ళలో పూర్తిచేయించే ఏర్పాటు అది.

వెనక ఎవరున్నారు?

‘ఆమె అంటే గొప్పవాళ్ళు. మాలాంటివాళ్ళకు కుదిరే పనేనా?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దుర్గాబాయి దగ్గర ధనరాశులేమీ లేవు. కానీ ఆమెకు ఒకటి దొరికింది. కాపురానికి వెళ్ళనని చెప్పిన రోజున తండ్రీ, సోదరుడూ ఆమె పక్కన నిలబడ్డారు. ఆ రోజుల్లో ఊరు ఎన్ని మాటలని ఉంటుందో ఊహించుకోవచ్చు. వాటిని వాళ్ళు భరించారు.

అందుకే ఈ కథలో పాఠం ఆడపిల్లకొక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ. పొద్దున వంట, పగలు కోత, సాయంత్రం పిల్లలు, రాత్రి గిన్నెలు. వీటన్నిటి మధ్య రోజుకో గంట ఆమె చేతిలో పుస్తకం ఉండాలంటే ఆ గంట ఎవరో ఒకరు పంచుకోవాలి. అత్త పొయ్యి దగ్గర నిలబడాలి. లేదా భర్త పిల్లల్ని పట్టుకోవాలి. ‘చదువుకో’ అని చెప్పడం సులువు. గిన్నెలు తోమిపెట్టడమే అసలైన సాయం.

పల్నాటి వాళ్ళకు ఆడదాని మాట కొత్తేమీ కాదు. పన్నెండో శతాబ్దంలో గురజాల కొలువులో మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మ కథ ఇక్కడ పిల్లలకూ తెలుసు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్నదని ఆ కథ చెబుతుంది. ఆమెను మెచ్చుకునేవాళ్ళున్నారు, తిట్టుకునేవాళ్ళున్నారు. ‘ఆ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ’ అని మాత్రం కథలో ఎవరూ అడగరు!

గడప దాటేలోపు...

మరి బొల్లాపల్లి ఇల్లాలు ముప్పై లోపు ఏం చేయొచ్చు? ఫ్లాట్లూ ప్రయాణాలూ పక్కన పెడదాం. ఆమెకు అందే దూరంలో, ఆమె జీవితాన్ని నిజంగా మార్చే పనులు నాలుగున్నాయి.

మొదటిది, పోయిన ఆ ఒక్క సబ్జెక్టు. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. రోజూ బడికి వెళ్ళనక్కర్లేదు. ఆ కాగితంతో ఏమొస్తుందంటారా? ఒక ఉదాహరణ చాలు. రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు పదో తరగతి పాసైన స్థానిక వివాహిత అయి ఉండాలి. వయసు 21 నుంచి 35లోపు. అంటే ‘అంతా అయిపోయింది’ అనుకున్న ముప్పయ్యేళ్ళ కోడలికి ఇంకా అయిదేళ్ళ గడువుంది. పెళ్ళయిపోవడం ఇక్కడ అడ్డు కాదు, అర్హత! పోస్టు వస్తుందా రాదా అన్నది తర్వాత. ఖాళీ పడిన రోజున దరఖాస్తు పెట్టగలిగే స్థితిలో ఉండటం ముఖ్యం.

రెండోది, రక్తపరీక్ష. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళలోపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు కూడా దానికో కారణం. దానికి తోడు వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ సమస్య పాతదే. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళమీద మరకలు, కీళ్ళ బిగువు, నడుమునొప్పి మొదలవుతాయి. ముప్పైకే మోకాళ్ళు పట్టుకుపోతే ‘వయసు మీదపడింది’ అనుకోకూడదు. నీళ్ళు మార్చుకోవాలి, రక్తం చూపించుకోవాలి.

ఇదే దారిలో ఇంకో హెచ్చరిక. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశం మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. 8.9 శాతం! తెల్లబట్ట, నెలసరిలో అధిక రక్తస్రావం లాంటి ఇబ్బందులకు చాలావరకు మందులున్నాయి. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు’ అనే మాట వైద్యం కాదు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే హార్మోన్లు తగ్గి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఒక డాక్టరు చెప్పగానే ఒప్పుకోకుండా మరో డాక్టరును అడగడం మర్యాద తప్పడం కాదు.

మూడోది, సంతకం వెనక నిర్ణయం. డ్వాక్రా పుణ్యమా అని ఈ జిల్లాలో పొదుపు సంఘం పుస్తకం లేని గడప తక్కువ. అప్పు ఆమె పేరు మీదే వస్తుంది. కంతులు ఆమే కడుతుంది. కానీ ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో చెప్పేది ఎవరు? వచ్చే అప్పులో ఒక్కసారైనా ‘దీంతో ఇది చేద్దాం’ అని ఆమె చెప్పి చేయించుకుంటే, అది కూడా మైలురాయే. ఎవరూ దండ వేయరు గానీ, ఇంట్లో ఆమె మాట బరువు పెరుగుతుంది.

నాలుగోది, పుట్టింటి వాటా గురించి తెలుసుకోవడం. కూతురికీ కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే అది పరిమితం. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళకూ వర్తించింది. తండ్రి ఆనాటికి బతికుండాలన్న నిబంధన లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తండాల వాళ్ళు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. కాబట్టి సుగాలి ఆడబిడ్డకు వాటా ఇవ్వాలనుకున్న తండ్రి వీలునామా రూపంలోనో, దానపత్రం రూపంలోనో ముందే రాసిపెట్టడం మేలు. ప్రేమ ఉంటే చాలదు, కాగితం కూడా ఉండాలి.

ఓడినా లెక్కలోకే...

ముప్పై నిండేసరికి అన్నీ గెలిచేయాలనుకునే పట్నం అమ్మాయిలకు కూడా ఒక మాట. 2025 జులై 5న పి.వి. సింధుకు ముప్పై నిండాయి. ఆ పదేళ్ళలో రెండు ఒలింపిక్ పతకాలు, ఒక ప్రపంచ టైటిల్. బయటికి అవే కనిపిస్తాయి. 2019లో ఆమె ప్రపంచ విజేత కావడానికి ముందు 2017లోనూ, 2018లోనూ ఫైనల్లో ఓడిపోయారు. 2017లో తనను ఓడించిన ఒకుహరానే మూడో ఏడాది ఫైనల్లో 21-7, 21-7తో ఓడించారు. ఆ రెండు ఓటముల తర్వాత ‘ఇక చాలు’ అనుకుని ఉంటే మూడో ఫైనల్ లేదు. ఇరవైల్లో మనం దాచిపెట్టుకునే ఓటములు కూడా మైలురాళ్ళే. ఎంత దూరం వచ్చామో అవి కూడా చెబుతాయి.

పదో తరగతిలో పోయిన సబ్జెక్టూ అలాంటిదే. పన్నెండేళ్ళుగా ఆమె దాన్ని తన తెలివితక్కువతనానికి గుర్తుగా మోస్తోంది. నిజానికి అది మధ్యలో ఆగిన ఆట. మళ్ళీ దిగొచ్చు.

మిరప కోతలు అయిపోతాయి. కాయ కళ్ళంలో ఎండుతుంది. తాలు వేరుచేసి, మంచికాయ బస్తాలకెత్తుతారు. అప్పుడు కాస్త తీరిక. ఆ తీరికలో ఓ సాయంత్రం నాలుగో తరగతి పిల్ల ఎక్కాలు వల్లెవేస్తుంటే, పక్కన కూర్చున్న తల్లి ఊరికే వింటూ ఉండిపోకుండా తన పుస్తకం తాను తెరవగలిగితే... ఇద్దరికీ ఒకే దీపం సరిపోతుంది. ‘అమ్మా, నీకూ పరీక్షలున్నాయా?’ అని పిల్ల నవ్వొచ్చు. ఆ పిల్లకు పదిహేనేళ్ళొచ్చి, సంబంధం చూద్దామని ఎవరైనా అన్న రోజున మాత్రం ఈ సాయంత్రం పనికొస్తుంది. ‘పిల్లను ముందు చదవనీండి’ అనడానికి ఆ ఇంట్లో గొంతున్న మనిషి ఒకరుంటారు.